తాళం వేసిన ఇంటికి పన్ను: న్యాయం ఎక్కడున్నది?

కర్నూలు జిల్లా పశ్చిమ మండలాలలో దీపావళి దాటి, మెట్ట పొలాలలో పత్తి తీతలు సద్దుమణిగిన తర్వాత, ఊళ్లలో ఒక అలవాటైన సందడి మొదలవుతుంది. ఆదోని, కోసిగి, కౌతాళం, మంత్రాలయం ప్రాంతాల పల్లెలలో బియ్యం మూటలు, వంటపాత్రలు, పరుపుచుట్టలు, పసిపిల్లలతో కుటుంబాలకు కుటుంబాలు వాహనాలు ఎక్కుతాయి. గుంటూరు వైపు మిరపకోతలకు కొందరు, కర్ణాటక వైపు పొలం పనులకు కొందరు బయలుదేరుతారు. దీనిని ఆ ప్రాంతంలో ‘సుగ్గికి పోవడం’ అంటారు. ఇంటి తలుపుకు తాళం పడుతుంది. ముసలివారుంటే వసారాలో మిగిలిపోతారు. లేకపోతే ఆ వీధిలో దీపం వెలిగేది పంచాయతీ స్తంభం మీద మాత్రమే.

ఫిబ్రవరి, మార్చి నెలలలో అదే వీధిలోకి పంచాయతీ సిబ్బంది రశీదు పుస్తకంతో వస్తారు. ఆర్థిక సంవత్సరం ముగింపు సమీపించినందువల్ల వసూళ్లు పూర్తి చేయాలనే ఒత్తిడి వారి మీద ఉంటుంది. కాని తలుపుకు తాళం ఉన్నది. బాకీ పుస్తకంలో మిగిలిపోతుంది. ఉగాది నాటికో, ఆ తర్వాతనో ఇంటికి చేరిన కుటుంబ పెద్దకు పాత బాకీ, కొత్త ఏడాది పన్ను కలిపి నోటీసు అందుతుంది. అప్పుడు పంచాయతీ కార్యాలయంలో వినిపించే ప్రశ్న ఒక్కటే.

“మేము ఊర్లో ఉండేది ఆరేడు నెల్లు సార్. ఏడాది పన్ను ఎట్ల కట్టల్ల?”

ఈ ప్రశ్న అమాయకమైనది కాదు. పన్నుల న్యాయం గురించి పండితులు చర్చించే మూలప్రశ్నలలో ఇది ఒకటి. దీనికి ‘చట్టం అంతే’ అనే సమాధానం చాలదు. ‘పాపం, పేదవారు, వదిలేద్దాం’ అనే సమాధానమూ చాలదు. ఏడాదిలో కొంతకాలమే ఊళ్లో ఉండే కుటుంబానికి, ఆ ఊరి పంచాయతీకి మధ్య ఇంటి పన్ను విషయంలో ఏది న్యాయమో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

ఇంటి పన్ను దేనికోసం?

మొదట ఒక అపోహను తొలగించుకోవాలి. ఇంటి పన్ను మనిషి మీద వేసేది కాదు, ఇంటి మీద వేసేది. ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం, 1994 లోని 61వ సెక్షన్ ప్రకారం గ్రామంలోని ఇళ్లన్నింటి మీద వార్షిక అద్దె విలువను గాని, మూలధన విలువను గాని, నియమాలలో నిర్దేశించిన మరొక ప్రాతిపదికను గాని అనుసరించి ఈ పన్ను విధిస్తారు. ప్రభుత్వం నిర్దేశించిన కనిష్ఠ, గరిష్ఠ రేట్లకు లోబడి పంచాయతీ తన రేటును నిర్ణయిస్తుంది. ఇంట్లో ఎందరున్నారు, ఎన్ని నెలలున్నారు అనేది ఈ లెక్కలో ఎక్కడా కనిపించదు.

దీని వెనుక ఒక తర్కమున్నది. చెరువు కింద పొలం ఉన్న రైతు ఒక ఏడాది సాగు చేయకుండా బీడు పెట్టాడనుకొందాం. ఆ ఏడాది చెరువు కట్టకు గండి పడకుండా చూడనవసరం లేదని ఎవరూ అనరు. కట్ట నిలిస్తేనే మరుసటి ఏడాది అతని పొలానికి నీరు. పంచాయతీ సేవలు కూడా చాలావరకు ఇటువంటివే. వలస కుటుంబం ఊళ్లో లేని నెలలలో కూడా వీధిదీపం వెలుగుతుంది, మురుగుకాలువ తీస్తారు, నీటి పథకం మోటారుకు కరెంటు బిల్లు వస్తుంది, పారిశుద్ధ్య కార్మికులకు జీతం ఇవ్వాలి. కుటుంబం తిరిగి వచ్చిన రోజున ఇవన్నీ సిద్ధంగా ఉండాలంటే లేనప్పుడు కూడా నడిచి తీరాలి.

పంచాయతీల సొంత ఆదాయం ఎంత బలహీనమో కూడా గుర్తుంచుకోవాలి. 2024 జనవరిలో రిజర్వు బ్యాంకు ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 2020-21 నుంచి 2022-23 వరకు దేశంలోని పంచాయతీల ఆదాయంలో సొంత పన్నుల వాటా సుమారు 1 శాతం మాత్రమే. దాదాపు 80 శాతం కేంద్ర ప్రభుత్వ గ్రాంట్ల రూపంలో, 15 శాతం రాష్ట్రాల గ్రాంట్ల రూపంలో వచ్చినవి. 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు రాజ్యాంగ హోదా కల్పించి, రాష్ట్ర శాసనం ద్వారా పన్నులు విధించే అధికారం పొందే వీలు కల్పించింది. ఆ అధికారానికి గ్రామస్థాయిలో ప్రధానమైన రూపం ఇంటి పన్నే. అది కూడా రాలకపోతే పైనుంచి వచ్చే నిధి కోసం ఎదురుచూడటమే పంచాయతీకి మిగులుతుంది.

అందువల్ల ‘ఊళ్లో లేను కనుక పన్ను లేదు’ అనే వాదన పూర్తిగా నిలువదు. అయితే ‘ఇల్లు ఉన్నది కనుక అందరికీ ఒకటే లెక్క’ అనే వాదన కూడా నిలువదు. ఎందుకంటే తాళాలన్నీ ఒకటి కావు.

తాళాలలో తేడా

2011 జనగణన ప్రకారం మన దేశంలో సుమారు 33 కోట్ల జనగణన గృహాలుండగా, వాటిలో రెండున్నర కోట్లకు కొంచెం తక్కువ ఖాళీగా ఉన్నట్లు నమోదయింది. గణాంకంలో ఇవన్నీ ‘ఖాళీ’ అనే ఒక్క మాటలో ఇమిడిపోతాయి. నేల మీద చూస్తే వీటి కథలు వేరు వేరు.

ఒక తాళం బ్రతుకుతెరువు కోసం వేసినది. కర్నూలు పశ్చిమ ప్రాంతం, తెలంగాణలోని పాలమూరు ప్రాంతం ఇందుకు ఉదాహరణలు. నారాయణపేట, మహబూబ్‌నగర్ ప్రాంతాల నుంచి మేస్త్రీల కింద గుంపులుగా వెళ్లి కాలువలు, కట్టలు, రోడ్లు, భవనాలు కట్టిన కూలీల చరిత్ర దశాబ్దాల నాటిది. ఈ ఇంటికి తాళం పడటం అంటే ఆ ఊళ్లో ఆ నెలలలో కూలి దొరకదని అర్థం.

మరొక తాళం సౌకర్యం వల్ల వేసినది. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాలలో హైదరాబాదులోనో, అమెరికాలోనో స్థిరపడినవారు సొంత ఊరిమీది మమకారంతో కట్టుకొన్న మేడలు సంక్రాంతికి తెరుచుకొని, కనుమ దాటగానే మూతపడతాయి. ఈ ఇంటి తాళం పేదరికానికి గుర్తు కాదు, రెండో ఇంటికి గుర్తు.

మూడోది తాళం పడని వలస. శ్రీకాకుళం తీరం నుంచి మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ వంటి రేవులకు వెళ్లి, అక్కడి మరబోట్ల మీద నెలల తరబడి వేట చేస్తారు. సంపాదించే మనిషి ఊళ్లో లేడు. కాని భార్యాబిడ్డలు, తల్లిదండ్రులు ఆ ఇంట్లోనే ఉంటారు. చట్టం దృష్టిలో ఆ ఇల్లు ఖాళీ కాదు. ఇల్లు ఖాళీగా ఉన్నదా లేదా అన్నదే ఉపశమనానికి కొలమానమైతే, వీరికి దక్కేది ఏమీ ఉండదు.

నాలుగోది రెండు ఇళ్ల జీవనం. ఉత్తరాఖండ్‌లో బదరీనాథ్ సమీపాన ఉన్న మాణా గ్రామపు కుటుంబాలు వేసవిలో పైన, మంచు పడే కాలంలో దిగువ ఊళ్లలో నివసిస్తాయి. ఒక ఇంట్లో పొయ్యి వెలిగితే రెండో ఇంటికి తాళం తప్పదు. అక్కడ రెండో ఇల్లు విలాసం కాదు, వాతావరణం విధించిన అవసరం.

మొదటి రెండు తాళాలను పక్కపక్కన పెట్టి చూస్తే చిక్కు తెలుస్తుంది. ‘ఖాళీ ఇంటికి పన్ను తగ్గించాలి’ అని ఒకే గీత గీస్తే, కూలి కుటుంబం రేకుల ఇంటితో పాటు సంక్రాంతి మేడకు కూడా తగ్గింపు లభిస్తుంది. పైగా మేడ పన్ను పెద్దది కనుక తగ్గింపులో పెద్ద వాటా దానికే పోతుంది. ‘ఖాళీ ఇంటికి పన్ను పెంచాలి’ అని గీస్తే కూలి కుటుంబం అన్యాయానికి గురవుతుంది.

ఇతర చోట్ల అనుభవం

విదేశాలలో ఈ వివాదం ఎక్కువగా రెండో తాళం చుట్టూ నడిచింది. ఇంగ్లండులో సముద్రతీర గ్రామాలలో సెలవుల ఇళ్లు పెరిగి, స్థానికులకు ఇళ్లు దొరకని పరిస్థితి ఏర్పడటంతో, 2025 ఏప్రిల్ నుంచి రెండో ఇళ్ల మీద స్థానిక పన్నును రెట్టింపు వరకు పెంచే అధికారం స్థానిక సంస్థలకు లభించింది. వేల్స్‌లో 2023 ఏప్రిల్ నుంచి 300 శాతం వరకు అదనపు పన్ను వేసే వీలు కల్పించారు. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో శాశ్వత నివాసి ఇంటి పన్ను విలువ ఏడాదికి 3 శాతానికి మించి పెరగకుండా 1992లో ప్రజలు ఆమోదించిన రాజ్యాంగ సవరణ రక్షిస్తున్నది. చలికాలానికి మాత్రమే వచ్చి వెళ్లేవారికి ఆ రక్షణ లేదు. పన్ను కడుతున్నా, ఆ ఊళ్లో ఓటు లేనందువల్ల తమ మాట వినేవారు లేరని వారి ఫిర్యాదు.

మన దేశంలో కేరళ ప్రభుత్వం 2023 ఫిబ్రవరి బడ్జెట్‌లో చాలాకాలం మూసి ఉంచిన ఇళ్ల మీద పన్ను వేసే ప్రతిపాదన చేసింది. గల్ఫ్ తదితర దేశాలలో పనిచేస్తూ సొంత ఊళ్లో ఇల్లు కట్టుకొన్న ప్రవాసుల నుంచి వ్యతిరేకత వచ్చిన మీదట దానిని అమలు చేయబోమని ప్రకటించింది. ఇంగ్లండులో సెలవుల ఇంటి యజమానికి, కేరళలో జీవితకాలపు కష్టార్జితంతో ఇల్లు కట్టుకొన్న ప్రవాసికి, కోసిగిలో సుగ్గికి పోయిన కూలీకి ఒకే సూత్రం వర్తించదని ఈ అనుభవం చెబుతున్నది. తాళాన్ని కాదు, తాళం వెనుక కారణాన్ని చూడాలి.

లెక్క వేసి చూద్దాం

ఉపశమనం ఇస్తే పంచాయతీకి ఎంత భారమవుతుందో ఊహాజనితమైన చిన్న ఉదాహరణ ద్వారా పరిశీలిద్దాం. ఒక గ్రామంలో 500 ఇళ్లున్నాయి. సగటున ఇంటికి ఏడాదికి 600 రూపాయల చొప్పున మొత్తం డిమాండు 3,00,000 రూపాయలు. వాటిలో 200 ఇళ్లు ఏడాదిలో సగం కాలం తాళం వేసి ఉంటాయి.

తాళం ఉన్న ప్రతి ఇంటికీ సగం పన్ను మినహాయించితే 200 ఇళ్లకు 300 రూపాయల చొప్పున 60,000 రూపాయలు తగ్గుతుంది. ఇది మొత్తం డిమాండులో 20 శాతం. ఖర్చు మాత్రం తగ్గదు. ఆ లోటును మిగిలిన 300 ఇళ్ల మీద వేస్తే ఒక్కొక్కరికి 200 రూపాయలు పెరిగి, పన్ను 800 అవుతుంది. ఆ 300 ఇళ్లలో ఎవరుంటారు? వలస పోలేని వృద్ధులు, ఒంటరి స్త్రీలు, వికలాంగులు కూడా ఉంటారు. కాళ్లలో సత్తువ ఉన్నవారి పన్ను, కదలలేనివారి మీద పడుతుంది. ఇది న్యాయం అనిపించుకోదు.

అలా కాక, కారణాన్ని, స్తోమతను చూసి నిజంగా నిరుపేదలైన 80 వలస కుటుంబాలకే సగం మినహాయించామనుకొందాం. తగ్గేది 24,000 రూపాయలు. దానిని మిగిలిన 420 ఇళ్లు పంచుకొంటే ఇంటికి సుమారు 57 రూపాయలు. ఆ భారాన్ని కూడా ఇంటి విలువను బట్టి పెద్ద ఇళ్ల మీద ఎక్కువగా, చిన్న ఇళ్ల మీద తక్కువగా వేయవచ్చు. అందరికీ వర్తించే మినహాయింపు గ్రామాన్ని దెబ్బ తీస్తుంది. ఎంచి ఇచ్చిన మినహాయింపును గ్రామం మోయగలదు.

చట్టంలో ఉన్న ద్వారం

ఇటువంటి ఎంపికకు చట్టంలో చోటున్నదా? ఉన్నది. చాలామందికి ఈ సంగతి తెలియదు. 1994 చట్టంలోని అదే 61వ సెక్షన్, ఇంటి పన్ను విషయంలో ప్రభుత్వం నియమాలు చేయదగిన అంశాలను పేర్కొంటూ, పేదరికం కారణంగా మినహాయింపును, ఇల్లు ఖాళీగా ఉన్నందువల్ల ఇచ్చే తగ్గింపును కూడా వాటిలో చేర్చింది. అంటే శాసనకర్తలు ఈ రెండు పరిస్థితులనూ ముందే ఊహించారు. పేదరికం వేరు, ఖాళీ వేరు అని విడదీసి చెప్పారు.

అయితే ఒక విషయం స్పష్టంగా తెలుసుకోవాలి. మినహాయింపు అనేది నియమాల ప్రకారం, దరఖాస్తు మీద, విచారణ జరిగి, లిఖితపూర్వకంగా రావలసినది. సర్పంచి నోటిమాటగా ‘ఈసారికి వద్దులే’ అన్నంత మాత్రాన బాకీ రద్దు కాదు. అది పుస్తకంలో అలాగే ఉండి, మరొక సర్పంచి కాలంలో రెండింతలై ఎదురవుతుంది. మీ గ్రామానికి ప్రస్తుతం వర్తించే నియమాలేమిటో పంచాయతీ కార్యదర్శిని అడిగి తెలుసుకోవడం మీ హక్కు. తెలంగాణలో 2018 నుంచి వేరే పంచాయతీరాజ్ చట్టం అమలులో ఉన్నందున, అక్కడి పాఠకులు ఆ చట్టం ప్రకారం విచారించవలసి ఉంటుంది.

రశీదులోని పద్దులను కూడా వేరుగా చదవాలి. పలు పంచాయతీలలో ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు, నీటి రుసుము, వీధిదీపాలు, డ్రైనేజీ వంటి పద్దులు కనిపిస్తాయి. ఇంటి మీద వేసే పన్ను ఊరి ఉమ్మడి ఏర్పాటుకు చెందినది. కుళాయి నీటి రుసుము వాడకానికి చెందినది. ఆరు నెలలు తాళం వేసిన ఇంటి కుళాయికి రుసుము తగ్గించమని అడగటంలో ఉన్న బలం, వీధిదీపం ఖర్చులో వాటా తగ్గించమని అడగటంలో ఉండదు. ఏది అడగాలో తెలిసి అడిగినవారికి సమాధానం కూడా త్వరగా దొరుకుతుంది.

అసలు చిక్కు నెలలోనే

ఇంతవరకు ‘ఎంత’ అనే ప్రశ్న గురించి మాట్లాడుకొన్నాం. కాని వలస గ్రామాలలో అన్యాయం ఎక్కువగా దాగి ఉన్నది ‘ఎప్పుడు’ అనే ప్రశ్నలో.

చట్టం ప్రకారం ఇంటి పన్నును ఏడాది మొదలైన 30 రోజులలోగా యజమాని చెల్లించాలి. అంటే ఏప్రిల్ నెల. మిరపకోతల నుంచి కుటుంబాలు చేతిలో నాలుగు డబ్బులతో ఊరు చేరేది కూడా ఇంచుమించు ఆ రోజులలోనే. చట్టం చెప్పిన నెల, వలస కుటుంబానికి అనుకూలమైన నెల దాదాపు ఒకటే! కాని ఆచరణలో వసూళ్ల ఒత్తిడి ఏడాది చివర పెరుగుతుంది. జనవరి నుంచి మార్చి వరకు సిబ్బంది తిరిగే కాలంలో ఆ ఇళ్లకు తాళాలుంటాయి. ఏప్రిల్, మే నెలలలో ఇంటి యజమాని ఊళ్లో ఉంటాడు, డబ్బు ఉంటుంది, అడిగేవారుండరు. జూన్‌లో ఆ డబ్బు విత్తనాలకు, ఎరువులకు, పిల్లల చదువుకు కరిగిపోతుంది.

మన బ్యాంకులు పంట రుణం వాయిదా తేదీని పంట చేతికి వచ్చి, అమ్ముడుపోయే కాలాన్ని బట్టి నిర్ణయిస్తాయి. రైతు చేతిలో డబ్బు లేని నెలలో వాయిదా పెట్టడం రుణగ్రహీతకూ, బ్యాంకుకూ నష్టమని దశాబ్దాల అనుభవం నేర్పింది. అదే బుద్ధిని పంచాయతీలు కూడా అలవరచుకోవచ్చు. వలస గ్రామాలలో ఉగాది నుంచి మే నెలాఖరు వరకు వార్డువారీగా వసూలు శిబిరాలు పెట్టడానికి కొత్త చట్టం అవసరం లేదు. ఒక తీర్మానం, కొంత శ్రద్ధ చాలు.

గ్రామసభ విషయంలోనూ ఇదే చిక్కున్నది. 1994 చట్టం ప్రకారం గ్రామసభ ఏడాదికి కనీసం రెండుసార్లు జరగాలి. కొత్త పన్నుల ప్రతిపాదనలు, ఉన్న పన్నుల పెంపు అందులో చర్చకు రావాలి. తెలంగాణ చట్టం రెండు నెలలకొకసారి గ్రామసభ జరగాలని చెబుతున్నది. పన్ను పెంపు ప్రతిపాదన సగం ఊరు సుగ్గికి పోయిన నెలలో సభకు వస్తే, కోరం ఉండవచ్చును గాని న్యాయం ఉండదు. కొత్తగా మదింపు చేసిన నోటీసు తాళం వేసిన తలుపుకు అంటించితే, అభ్యంతరం చెప్పే గడువు ఇంటి యజమాని రాకముందే తీరిపోతుంది. ఫ్లోరిడాలో చలికాలపు నివాసికి ఓటు లేదు. మన వలస కూలీకి ఓటున్నది, కాని సభ జరిగే రోజున ఊళ్లో లేడు. ఈ లోటును సరిచేయడం పన్ను తగ్గించడం కంటే ముఖ్యమైనది. దీనికి పంచాయతీకి అయ్యే ఖర్చు కూడా ఏమీ లేదు.

బాకీ పెరిగితే నష్టం ఎవరికి?

ఏడాదికి కొన్ని వందల రూపాయల పన్నే కదా అని కొందరు ఉపేక్షిస్తారు. కాని ఇంటి పన్ను బాకీకి ఉన్న చట్టబలాన్ని తెలుసుకొంటే ఆ ఉపేక్ష కొనసాగదు. ఆ ఇంటి స్థలానికి ప్రభుత్వానికి చెందవలసిన భూమిశిస్తు ఏదైనా ఉంటే దాని తర్వాత, ఇంటి పన్ను ఆ ఇంటి మీద మొదటి చార్జీగా ఉంటుంది. ఇంట్లో ఉన్న, పన్ను చెల్లించవలసిన వ్యక్తికి చెందిన చరాస్తులకూ ఇది వర్తిస్తుంది. అంటే ఆ ఇంటిని బ్యాంకుకు తనఖా పెట్టినా పంచాయతీ బాకీదే ముందు స్థానం. గృహరుణం కోసం లేదా ఇంటి మరమ్మతు రుణం కోసం వచ్చిన దరఖాస్తుదారుని పన్ను రశీదులు చూపమని అడగటానికి ఇది ఒక కారణం.

నోటీసు అందిన తర్వాత కూడా గడువులోగా పంచాయతీ బాకీ తీర్చనివారికి పంచాయతీ సభ్యత్వం విషయంలో అనర్హత చిక్కు కూడా ఉన్నది. వలస కుటుంబాలనుంచి ఒక్కరైనా వార్డు సభ్యులుగా ఎన్నికైతేనే ‘మా నెలలలో సభ పెట్టండి’ అని అడిగే గొంతు పంచాయతీలో ఉంటుంది. ఆ గొంతును కొన్ని వందల రూపాయల బాకీ నొక్కివేయరాదు.

ఇక్కడ మరొక అపోహను కూడా సరిచేయాలి. ఇంటి పన్ను రశీదు హక్కుపత్రం కాదు. ఇల్లు మీ అనుభవంలో ఉన్నదనడానికి అది ఒక ఆధారం మాత్రమే. అయినా నివేశన స్థలాలకు పాత దస్తావేజులు లేని గ్రామాలలో ఆ ఆధారానికి విలువ ఎక్కువ. 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన ‘స్వామిత్వ’ పథకం కింద డ్రోన్ల సాయంతో గ్రామకంఠాలను సర్వే చేసి ఆస్తి కార్డులు ఇచ్చే పని అనేక రాష్ట్రాలలో సాగింది. ఇటువంటి సర్వే సమయంలో ఇంటికి తాళం వేసి ఉండి, పన్ను పుస్తకంలో తాత పేరే మిగిలి ఉంటే, హద్దులు చూపేవారు, పేరు చెప్పేవారు లేక చిక్కులు వస్తాయి.

డీలర్లకు ఒక మాట

1994 చట్టంలో ‘ఇల్లు’ అనే మాటకు దుకాణం, పనిశాల, గిడ్డంగి కూడా చేరతాయి. ఖరీఫ్, రబీ సీజన్లలో నిండి, వేసవిలో ఖాళీ అయ్యే ఎరువుల గోదాము యజమాని కూడా ఒక విధంగా ‘కొంతకాలపు నివాసే’. అయితే వ్యాపార స్వభావం వల్ల కొన్ని నెలలు మూసి ఉండటాన్ని, కూలి దొరకక ఊరు విడవటంతో సమానంగా చూడమని అడగటం ఉచితం కాదు. ఆ విరామపు ఖర్చు వ్యాపారపు లెక్కలోనే ఇమిడి ఉంటుంది.

అద్దె దుకాణంలో వ్యాపారం చేసేవారు ఒక నిబంధనను గుర్తుంచుకోవాలి. యజమాని తరఫున ఇంటి పన్నును అద్దెదారు చెల్లిస్తే, ఆ మొత్తాన్ని యజమాని నుంచి రాబట్టుకోవచ్చు, లేదా చెల్లించవలసిన అద్దెలో మినహాయించుకోవచ్చు. రశీదు మాత్రం జాగ్రత్తపరచాలి.

వలస కుటుంబాలు పాటించదగినవి

1. ఊరికి తిరిగి వచ్చిన నెలలోనే, చేతిలోని డబ్బు సాగు ఖర్చులలో కలిసిపోకముందే ఆ ఏడాది ఇంటి పన్ను చెల్లించి రశీదు తీసుకోండి.

2. బయలుదేరేముందు పంచాయతీ కార్యాలయానికి వెళ్లి ఎన్ని నెలలు ఊళ్లో ఉండరో లిఖితపూర్వకంగా తెలియజేసి, అందినట్లు సంతకం, తేదీ వేయించుకోండి. తగ్గింపు లేదా మినహాయింపు అడగదలచినవారికి ఇది మొదటి ఆధారం.

3. పేదరికం కారణంగా మినహాయింపు కోరేవారు ఆ మాటను దరఖాస్తులో స్పష్టంగా రాయండి. ‘ఊళ్లో ఉండటం లేదు’ అనే కారణంతో దానిని కలిపివేయకండి. రెండూ వేరు వేరు కారణాలు.

4. కుళాయి నీటి రుసుము విషయంలో వేరుగా దరఖాస్తు చేయండి.

5. ఇల్లు చనిపోయిన పెద్దల పేరు మీద ఉంటే, ఊళ్లో ఉన్న నెలలలోనే పేరు మార్పిడి చేయించుకోండి.

6. ఊళ్లో మిగిలి ఉండే బంధువుకో, పొరుగువారికో మీ ఫోను నంబరు ఇచ్చి, పంచాయతీ నోటీసు వస్తే వెంటనే తెలియజేయమని చెప్పండి.

7. రశీదులను ఒక సంచిలో భద్రపరచి, బ్యాంకు పాసుపుస్తకంతో పాటు ఉంచండి. వలసకు వెళ్లేటప్పుడు వాటిని పెట్టెలో వదిలివేయకుండా నమ్మకమైనవారి దగ్గర పెట్టండి.

ఇచ్చిపుచ్చుకోవడమే న్యాయం

‘ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు’ అన్నారు పెద్దలు. ఇల్లు కట్టడం ఎంత కష్టమో, ఏడాదిలో సగం కాలం విడిచి వెళ్లవలసిన ఇంటిని నిలుపుకోవడం అంతకంటే కష్టం. ఆరు నెలలు పరాయి పొలాల గట్ల మీద, పట్టాల కింద నిద్రించే కుటుంబం ఊళ్లో ఒక ఇల్లు ఉంచుకొన్నదంటే, ఆ ఊరిని వదలదలచలేదని అర్థం. ఆ ఇంటికి కట్టే పన్ను భారమే కావచ్చును గాని, ‘ఇది మా ఊరు’ అని చెప్పుకొనే హక్కు కూడా అందులోనే ఉన్నది.

కాబట్టి కోసిగి పెద్దాయన ప్రశ్నకు న్యాయమైన సమాధానం ఇలా ఉండాలి. ఊరి ఉమ్మడి ఖర్చులో మీ వాటా మీరు ఇవ్వండి. ఇవ్వలేని స్థితి ఉంటే చట్టం పెట్టిన ద్వారం నుంచి, కాగితం మీద అడగండి. అందుకు ప్రతిగా పంచాయతీ మీరు ఊళ్లో ఉన్న నెలలోనే పన్ను అడగాలి, మీరు ఊళ్లో ఉన్న నెలలోనే పన్ను గురించి సభ పెట్టాలి. సంక్రాంతి మేడకు, సుగ్గి గుడిసెకు తేడా తెలిసిన పంచాయతీకి పన్ను కూడా రాలుతుంది, గౌరవమూ దక్కుతుంది.